మా తోడికోడలు చచ్చిన చావులు

నోట్లో నీళ్ళు పోసుకుని పోట్లాట గెలిచిన మనిషిని నా జన్మలో ఒక్కదాన్నే చూశాను. ఆ మనిషి మా తోడికోడలు.

పై అంతస్తులో ఉండే బీమా ఏజెంటు ఆ రోజు మా గుమ్మం ముందు ఒంటికాలి మీద లేచాడు. ఆయనకి మాటలే తిండి. మన చావు గురించి మనకే బెంగ పుట్టేలా మాట్లాడి సంతకం పెట్టించుకోగల మనిషి. మా ఇంట్లోంచి రోజూ మధ్యాహ్నం హత్యలు వినిపిస్తున్నాయనీ, కూతురు పరీక్షలకి చదువుకోలేకపోతోందనీ, పాలసీ తీసుకోవడానికి వచ్చిన ఆసామి కేక విని మెట్ల మీద నుంచే తిరిగిపోయాడనీ అందుకున్నాడు. కేక వింటే ఇంకో పాలసీ తీసుకోవాలి గాని తిరిగిపోవడమేమిటని అడుగుదామని నేను వంటింట్లోంచి వచ్చాను. అప్పటికే మా తోడికోడలు గుమ్మంలో నిలబడి ఉంది.

స్టూడియోకి బయల్దేరే ముందు వేడి ఉప్పునీళ్ళు పుక్కిలించడం ఆవిడ అలవాటు. సరిగ్గా నోటి నిండా పోసుకున్న వేళకే ఆయన తలుపు కొట్టాడు. ఉమ్ముదామంటే ఎదురుగా పెద్దమనిషి, మింగుదామంటే ఉప్పునీళ్ళు. బుగ్గలు రెండూ పొంగించి, తల కాస్త పక్కకి వంచి, ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

ఆయన తిట్టాడు. ఈవిడ చూసింది. ఆయన గొంతు పెంచాడు. ఈవిడ రెప్ప వెయ్యలేదు. కాసేపటికి ఆయన మాటల్లో ఊపు తగ్గింది.

“అలా చూస్తారేంటండీ, నేనేమైనా తప్పు మాట్లాడానా?” అన్నాడు.

ఈవిడ తల ఇంకో పక్కకి వంచింది.

“పోనీ, మీ పని మీది. కాదనడం లేదు. అమ్మాయిని తెల్లారి లేచి చదువుకోమంటాను లెండి. అసలు పొద్దున చదివిందే బుర్రకెక్కుతుంది.”

వస్తానండీ అని ఆయనే చెప్పుకుని, విడిచిన చెప్పులు మా గుమ్మంలోనే వదిలేసి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆవిడ సింకు దగ్గరికి పరిగెత్తి ఉమ్మేసి వచ్చి, “ఏమిటక్కా ఆయన గోల? నీళ్ళు గొంతులోకి పోతాయేమోనన్న భయంలో ఒక్క ముక్క వినలేదు” అంది.

నేను నోటితో గెలిచిన పోట్లాటలు ఈ వీధిలో చాలామందికి గుర్తే. నోరు తెరవకుండా గెలవడం మాత్రం నాకు ఇప్పటికీ చేతకాదు.

మా తోడికోడలి పని చావడం. పరాయి దేశాల సీరియళ్ళకి మన మాటలు పెట్టే చోట గొంతు ఇస్తుంది. రాజుకీ రాణికీ పేరున్న గొంతులుంటాయి. పేరు లేని జనం ఉంటారు కదా, సంతలో అరిచేవాళ్ళు, ఇల్లు తగలబడితే పరిగెత్తేవాళ్ళు, గొడ్డలి దెబ్బకి వాకిట్లో కూలబడేవాళ్ళు, వీళ్ళందరికీ కలిపి కొద్దిమందే ఉంటారు. వాళ్ళని గుంపు అంటారు. చంపేదీ వాళ్ళే, చచ్చేదీ వాళ్ళే, పక్కన నిలబడి అయ్యో అనేదీ వాళ్ళే.

చావుల్లో రకాలున్నాయని ఆవిడ వచ్చాకే నాకు తెలిసింది. బాణం తగిలితే ఊపిరి లోపలికి పోతుందట. గొడ్డలి తగిలితే బయటికి వస్తుందట. నీళ్ళలో మునిగే చావుకి స్టీలు చెంబులో నీళ్ళు పోసుకుని మూతి పెట్టి సాధన చేసేది. పక్కింటికి కొత్తగా వచ్చినావిడ ఒకసారి అది విని, మా మరిది పెళ్ళాం గొంతు నులుముతున్నాడని నిచ్చెన వేసుకుని కిటికీలోంచి చూసింది. చూస్తే లోపల మా మరిది కుర్చీలో కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాడు. ఆ పక్కనే ఈవిడ చెంబులో చస్తోంది.

మా మరిది ఒకప్పుడు ఆ స్టూడియోకే వ్యాను నడిపేవాడు. పెళ్ళైన కొత్తలో ఈవిడ ఆయనకి అన్నం డబ్బా పట్టుకెళ్ళి వరండాలో కూర్చుంది. లోపల ఏడవాల్సిన మనిషికి జలుబు చేసి గొంతు పట్టేసింది. ఎవరైనా ఆడమనిషి కావాలని ఒకాయన బయటికి వచ్చి, “ఏమ్మా, ఏడవగలవా?” అని అడిగాడట.

“ఎవరు పోయారండీ?” అందట ఈవిడ.

“పెనిమిటి.”

వ్యాను దగ్గర బీడీ కాలుస్తున్న మా మరిదిని ఒకసారి చూసుకుని లోపలికి వెళ్ళిందట. ఆ ఏడుపు విని రికార్డింగు గది అద్దం అవతలి వాళ్ళు చప్పట్లు కొట్టారని ఆయనే చెప్పుకుంటాడు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి ఇంట్లోనే ఉంటున్నాడు. టీవీ చూస్తూ, తెర మీద ఆడకూతురు ఎవరు కూలిపోయినా, “అది మా ఆవిడే” అని వచ్చినవాళ్ళకి చూపిస్తాడు. చుట్టాల్లో ఇంత సంతోషంగా పెళ్ళాం చావు చూపించేవాడు ఇంకొకడు లేడు.

నన్ను ఒకసారి ఆ గదికి తీసుకెళ్ళింది. గోడలకి దళసరి గుడ్డ తొడిగారు. ఫ్యాను లేదు, చప్పుడు పడుతుందని. గాజులు తీసి బయట పళ్ళెంలో పెట్టాలి. గంజి పెట్టిన బట్టలు కట్టుకోకూడదు. ఖాళీ కడుపుతో పోకూడదు, కడుపులో కూత కూడా మైకులో పడుతుందట. అన్నిటికన్నా వింత తెర మీది బొమ్మ. ఎవరైనా ఎత్తుకుపోతారని ఆ దేశపు కంపెనీ వాళ్ళు బొమ్మ మీద నలుపు పూసి పంపుతారు. మాట్లాడేవాళ్ళ నోరొక్కటే రూపాయి బిళ్ళంత గుండ్రంలో కనిపిస్తుంది. ఆ నోరు తెరిచినప్పుడు తెరవాలి, మూసినప్పుడు మూయాలి. ఎవరి నోరో, ఎందుకు తెరిచిందో మనకి తెలియదు. భాగాలు కూడా ఒక్కొక్కటిగానే వస్తాయి. రేపేం జరుగుతుందో ఆ నోటికి తెలుసేమో గాని మా తోడికోడలికి తెలియదు.

ఇక ఓడల వాళ్ళ సంగతి. వైకింగులని, ఎప్పుడో వెయ్యేళ్ళ కిందటి చలిదేశపు జనం. పొడుగాటి ఓడలేసుకుని వచ్చి ఊళ్ళు దోచుకునేవాళ్ళు. వాళ్ళ మీద సీరియలు సీజన్ల తరబడి సాగుతోంది. నేనూ చూశాను. గడ్డాలెక్కువ, స్నానాలు తక్కువ, శపథాలకి లెక్కలేదు. తండ్రి సింహాసనం కోసం అన్నదమ్ములు కొట్టుకుంటారు. కొట్టుకోవడానికి సముద్రాలు దాటనక్కర్లేదని మా వీధిలో ఎవరైనా చెబుతారు.

మొదటి మూడు సీజన్లలో మా తోడికోడలు దాంట్లో చచ్చినన్ని చావులు ఇంకెక్కడా చావలేదు. ఒకసారి మేకగా కూడా చచ్చింది. ఆ మధ్యలోనే నాయకుడి తల్లి ఒకావిడ ఉంది, ముసలిది, పొయ్యి దగ్గర కూర్చుని “కట్టెలు వెయ్యండి” లాంటి మాట ఏదో అంటుంది. అంత చిన్న నోటికి పేరున్నవాళ్ళెందుకని ఈవిడకి ఇచ్చారు.

నాలుగో సీజన్లో కథ తిరిగింది. కొడుకు ఓడలు కట్టుకుని పోయాడు. ఊరు ముసలితల్లి చేతికి వచ్చింది. తగువులు తీర్చడం, గింజలు పంచడం, ఎదురు తిరిగినవాళ్ళని మంచులోకి గెంటించడం, అన్నీ ఆవిడే. భాగం తరువాత భాగం ఆ నోరు మూతపడలేదు.

ఆ రోజుల్లో మా తోడికోడలు ఇంటికి వచ్చి, నడుం వాల్చకుండా, కూరలు తరుగుతున్న నా ఎదురుగా కూర్చునేది.

“అక్కా, ఈ రోజు కూడా బతికే ఉన్నాను” అనేది.

“సంతోషం. వంకాయలు అందుకో.”

“నవ్వులాట కాదక్కా. ఇన్నేళ్ళలో ఎపిసోడు చివరిదాకా బతకడం ఇదే మొదలు. ఈ ముసలిదాన్ని సీజను దాటించి ఒడ్డుకి చేర్చాలి.”

ఆ ముసలిదాన్ని లాక్కోవాలని చూస్తున్నవాళ్ళు ఉన్నారని ఆవిడకి తెలుసు. పాత్ర పెద్దదయ్యాక స్టూడియో పెద్దాయన పేరున్న గొంతుకి మార్చమన్నాడు. ఆ గొంతావిడని అందరూ తేనెసీసా అంటారు. మంచి గొంతే, కాదనను. ఆవిడ తిట్టినా హారతి పాడినట్టుంటుంది. అద్దం అవతల కూర్చుని మాటలు రాసి చెప్పించే ఆయన ఒకడున్నాడు, మాటలాయన అంటారు. ఆయన మా తోడికోడలి పక్షం. “ఆ ముసలిది పొగ మింగిన మనిషి, తేనె తాగిన మనిషి కాదు” అని చెప్పి అప్పటికి ఆపాడు. ఆపాడే గాని పెద్దాయన మనసులో ఆ ముల్లు అలాగే ఉంది. ఒక సాకు కావాలి.

సాకు మా తోడికోడలే చేతికిచ్చింది.

ఆ సీజను రెండో భాగంలో ఎవరో ఆడమనిషి రేవులో “ఓడలొస్తున్నాయి” అని అరుస్తుంది. నల్లటి తెర మీద ఒక నోరు, ఒక కేక. గుంపులో మనిషే అనుకుని ఈవిడ అరిచేసింది. అయిదో భాగంలో అదే నోరు కోళ్ళని అదిలించింది. అదీ ఈవిడే అదిలించింది. ఎనిమిదో భాగం వచ్చేసరికి ఆ నోరు ముసలితల్లి ఎదుటికి వచ్చి నిలబడింది. చెవిలో అసలు దేశపు మాట వినిపిస్తుంది కదా, ఆ బొంగురు గొంతు విని ఈవిడ గుర్తుపట్టి కొయ్యబారిపోయిందట. ఆ మనిషి దాది. నాయకుణ్ణి పాలిచ్చి పెంచింది. వాడు సముద్రంలో పోయాడన్న కబురొస్తే, వాడి కోసం మొదట ఏడవాల్సింది కన్నదా పెంచినదా అని ఇద్దరు ముసలాళ్ళూ నిప్పు పక్కన పోట్లాడుకుంటారు. సీజను మొత్తానికి అదే పెద్ద ఘట్టమట. రెండు నోళ్ళూ మా తోడికోడలివే.

“ఏదో ఒక గొంతు మార్చి చెప్పలేవా?” అన్నాను.

“మార్చి చూశానక్కా. గొంతు మారింది, ఊపిరి మారలేదు. ఒక్కత్తే అద్దంలో చూసుకుని తిట్టుకున్నట్టుంది. మాటలాయన కూడా తల అడ్డంగా ఊపాడు.”

ఈ సీజను ఇంకా టీవీలో రాలేదు కాబట్టి దాది కేకలు రెండూ తుడిచి ఇంకొకరితో చెప్పించొచ్చు. ఆ ఇంకొకరు ఎవరు? గుంపులో ఇంకో ఆడమనిషి గొంతు పడుచుది, పైగా ఆ ఊళ్ళో కోడళ్ళందరూ ఆవిడే. పెద్దాయన మాత్రం తేల్చేశాడు. ఎటూ చెరిపేదే అయితే ముసలితల్లినే మొదటి నుంచీ చెరిపి తేనెసీసాతో చెప్పిద్దాం, ఈవిడకి దాదిని ఇద్దాం అన్నాడు. ఆ దాది తొమ్మిదో భాగంలో చలికి చచ్చిపోతుందని పెద్దాయనకి ముందే తెలుసట. చావడానికి మళ్ళీ ఈవిడే.

మాటలాయన బతిమాలి ఒక్క రోజు గడువు తెచ్చాడు. రేపటికల్లా దాదికి సరైన గొంతు దొరికితే సరే, లేకపోతే ముసలితల్లిని వదులుకోవాల్సిందే అని చెప్పాడట.

ఇదంతా మా తోడికోడలు వంటింటి గడప మీద కూర్చుని చెప్పింది. ఆ రోజు నా ముందు వంకాయలూ లేవు, ఏమీ లేవు. పొద్దుటి నుంచీ ముగ్గుర్ని పిలిపించి విన్నారట. ఒకావిడ తిట్టు తిట్టుకీ కాగితం చూసుకుందట. ఇంకొకావిడ తిట్టి సారీ అందట. మూడో ఆవిడ బాగానే అరిచింది గాని, ఆ అరుపులో కోపం లేదట, గాలే ఉందట.

“తిట్టడం కూడా రాని ఆడవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నారే?” అన్నాను.

“అదే కదా” అంది. నా వైపు చూస్తూ తల కాస్త పక్కకి వంచింది.

ఆ చూపు నేనెరుగుదును. బీమా ఏజెంటు చెప్పులు వదిలేసి పోయింది ఆ చూపుకే.

“ఏమిటే అలా చూస్తావు? నాకా నాటకాలు రావు. ఆ చెవుల డిప్పలు పెట్టుకుంటే నాకు తల తిరుగుతుంది. ఎవరి నోరో చూసి నా నోరు తెరవడమేమిటి? నా నోటికి ఒకరు చెప్పాలా?”

ఆవిడ తల ఇంకో పక్కకి వంచింది.

“అయినా ఆ దాది ఏమంటుందట?” అన్నాను.

“కన్నంత మాత్రాన తల్లివైపోతావా అంటుంది. వాడికి జ్వరమొస్తే నువ్వెక్కడున్నావు అంటుంది. చాలా అంటుందక్కా. ముసలితల్లి మొదట నాలుగు మాటలు అని, ఇక అనదు. నిప్పుకేసి చూస్తూ కూర్చుంటుంది.”

“అయితే దాదిదే గెలుపన్నమాట.”

“కాదు.” తల దించుకుని గడప మీద వేలితో గీత గీసింది. “అని అని, ఎదుటి మనిషి మాట్లాడకపోయేసరికి దాని గొంతు తగ్గిపోతుంది. సగం మాటలో ఆగిపోతుంది. ఆ బీమా ఆయన ఆగిపోలేదూ, అలా. తరువాత కట్టెలు తెచ్చి ముసలితల్లి కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోతుంది.”

నేను లేచి పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టాను. గదిలోంచి మా మరిది, “వదినా, నాకూ ఒక కప్పు” అన్నాడు. నేను ఇంకో కప్పు నీళ్ళు పోశాను.

“రేపు పదింటికి అక్కా” అంది మా తోడికోడలు నా వీపు వైపు చూస్తూ. “గంజి పెట్టిన బట్టలొద్దు. గాజులు ఇంట్లోనే తీసెయ్. కాస్త తిని రా. వచ్చి నాతో పోట్లాడు, నువ్వెలా పోట్లాడతావో అలాగే. కానీ చివర్లో నాకు ఓడిపోవాలి.”