లెక్కకు రాని చావింటి రోజులు

ఐర్లండు పడమటి తీరంలోని మా ఊళ్లో, ఐరిష్ భాష నేర్చుకోవడానికి వచ్చే విద్యార్థులకు ఇల్లూ భోజనమూ ఇచ్చే ఆడవాళ్లను అందరూ ‘ఇంటమ్మా’ అనే పిలుస్తారు. మా వీధి చివర ఉండే సోర్చా ముప్ఫై ఏళ్లుగా ఇంటమ్మ. బంగాళాదుంపలు ఉడుకుతున్నంతసేపూ ఆమె పిల్లలతో ఐరిష్ మాట్లాడిస్తూనే ఉంటుంది. తప్పు మాట్లాడితే నవ్వుతుంది, అసలు మాట్లాడకపోతే మాత్రం ఊరుకోదు. చదువు చెప్పిన పేరు ఊళ్లోని భాషా కాలేజీకి పోతుంది. ఆ సంగతి ఆమెకు పట్టదు గానీ సాటి ఇంటమ్మనైన నాకు పడుతుంది.

పోయిన వేసవిలో అమెరికా నుంచి వచ్చి ఆమె ఇంట్లో దిగిన పిల్ల పేరు షనీస్. ఒహాయోలో వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీలు చేస్తూ చదువుకుంటోంది. మా ఊళ్లో ఆరు వారాలుండి, మా భాషా మా బతుకూ తెలుసుకుంటే వాళ్ల కాలేజీ మూడు క్రెడిట్లు ఇస్తుంది. ఆ మూడూ వస్తే డిగ్రీ పూర్తవుతుంది, సెప్టెంబరులో బడిలో టీచరు ఉద్యోగం చేతికొస్తుంది. రాకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

నాలుగో వారంలో సోర్చా పక్కింటి కోల్మన్ పోయాడు. మా దగ్గర వీధిలో చావుంటే ఎవరూ షికార్లకు పోరు. శవాన్ని ముందుగదిలో ఉంచుతారు, ఊరంతా వచ్చి కూర్చుంటుంది. ఇంటి ఇల్లాలిని పొయ్యి ముట్టనివ్వరు, ఇరుగుపొరుగు ఆడవాళ్లే వంటిల్లు చూసుకుంటారు. మర్నాడు పొద్దున, పిల్లలను కోట చూపించడానికి తీసుకెళ్లే కాలేజీ వ్యాను హారన్ కొడితే సోర్చా గుమ్మంలోంచే చెయ్యి ఊపేసింది.

“ఈ పిల్ల రాదయ్యా! పక్కింట్లో చావు పెట్టుకుని ఎలా వస్తుంది? మీరు పదండి.”

వ్యాను వెళ్లిపోయింది. ఆ పిల్లను ఒక మాట అడగాలని ఆమెకు తోచనే లేదు. షనీస్ కూడా చొక్కా చేతులు పైకి మడుచుకుని కోల్మన్ ఇంట్లోకి నడిచింది. శవాన్ని సాగనంపేదాకా అక్కడే ఉంది. కప్పులు కడిగింది, రొట్టెకు వెన్న రాసింది, కోల్మన్ భార్య పెగ్ ఏడుస్తుంటే పక్కన కూర్చుంది.

కాలేజీ తరఫున ఈ పిల్లల బాగోగులు చూసేది ఫెస్టీ. సోర్చా అక్క కొడుకే. కోల్మన్‌కు గొయ్యి తవ్వినవాళ్లలో వాడూ ఉన్నాడు. సోమవారం తల వంచుకుని వచ్చాడు.

“పిన్నీ, కోట చూడ్డానికి వెళ్లిన రోజు షనీస్ రాలేదు కదా. నాలుగు యాత్రలూ చేసి, చూసింది రాసివ్వాల్సిందేనట. ఒకటి తప్పినా క్రెడిట్లు రావు.”

“ఒరేయ్, ఆ పిల్ల చేతి టీ నువ్వు ఎన్నిసార్లు తాగావురా?”

“నా చేతుల్లో ఏముంది పిన్నీ?”

“ఏముందా? మొన్నటిదాకా పార ఉంది. ఇప్పుడు రూలు పట్టుకొచ్చావు.”

ఫెస్టీ చెవులు ఎర్రబడ్డాయి. టిక్కెట్టు కొంటే తప్ప తలుపు తియ్యని కోటను చూస్తే సంస్కృతి. తెరిచిన ఇంట్లో కప్పులు కడిగితే కాదు. ఇదెక్కడి లెక్క?

అమెరికా నుంచి షనీస్ వాళ్లతో వచ్చిన ప్రొఫెసరమ్మ చెడ్డమనిషి కాదు. విషయం తెలిసి తనే వచ్చింది. “షనీస్, ఆ చావింటి గురించి రాసివ్వు. యాత్రకు బదులు దాన్నే లెక్కలో వేస్తాను” అంది.

సోర్చా హమ్మయ్య అనుకుంది. షనీస్ మాత్రం తల అడ్డంగా ఊపింది.

“క్షమించండి మేడమ్. పెగ్ నా భుజం మీద ఏడ్చింది మార్కుల కోసం కాదు. అది నేను రాయను.”

ప్రొఫెసరమ్మ వెళ్లాక సోర్చా నెత్తి కొట్టుకుంది. “పిచ్చి మొహమా! పెగ్ ఏమీ అనుకోదే!”

“నేను అనుకుంటాను ఇంటమ్మా.”

ఇక మిగిలింది ఒక్కటే దారి, తిరుగు ప్రయాణంలోగా కోట చూసి రావడం. ఒంటరిగా వెళితే చెల్లదు, ఇంటమ్మ తోడు వెళితే చెల్లుతుందన్నారు కాలేజీవాళ్లు. వినడానికి తేలికే. కానీ సోర్చా ముత్తవ్వను చలికాలంలో ఇల్లు కూల్చి వీధిలోకి గెంటించింది, ఊరి పొలాలన్నీ తన కింద పెట్టుకున్న ఆ కోట దొరే. అప్పట్నుంచి ఆ ఇంటివాళ్లు ఒక్కరూ కోట గేటు దాటలేదు. కూలికి పిలిచినా పోలేదు, పెళ్లికి పిలిచినా పోలేదు.

మర్నాడు సోర్చా చర్చికి వేసుకెళ్లే కోటు తొడుక్కుని కారు తీసింది. “వ్యాను వెనక్కి పంపింది నేను. మా పాతపగకు నీ ఉద్యోగం బలిపెట్టనా? ఎక్కు.”

గేటు దగ్గర ఆమె కాలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత లోపల పడింది.

గైడు కుర్రవాడు వెండి పళ్లేలు చూపిస్తూ అన్నాడు, “ఈ దొరగారు రైతులను కన్నబిడ్డల్లా చూసుకునేవారు.”

“అందుకేనేమో బాబూ, మంచులో ఆడుకోమని బయటకు పంపాడు” అంది సోర్చా. యాత్రికులు కొందరు నవ్వారు. గైడు గబగబా తర్వాతి గదిలోకి దారితీశాడు.

మేడమీది కిటికీలోంచి కొండవాలు మొత్తం కనిపిస్తోంది. గొర్రెల మధ్య పైకప్పు లేని రాతిగోడలు ఉన్నాయి. సోర్చా అక్కడే నిలబడిపోయింది.

“అదే మా ముత్తవ్వ ఇల్లు. కిందినుంచి ఎన్నోసార్లు చూశాను. ఇక్కణ్నుంచి ఇంత బాగా కనబడుతుందని తెలియదు. అంటే, కూలుస్తున్నప్పుడు వీళ్లు చూస్తూనే ఉన్నారన్నమాట.”

షనీస్ ఆమె పక్కకు వచ్చి మెల్లగా అడిగింది, “ఇంటమ్మా, ఇది రాయనా? వద్దంటే పళ్లేల గురించే రాస్తాను.”

“పెగ్ ఏడుపు పెగ్‌ది, దాచావు, మంచిదే. ఇది దాచేది కాదు తల్లీ. రాయి. దొర పేరుతో సహా రాయి.”

షనీస్ అలాగే రాసింది. క్రెడిట్లు వచ్చాయి, ఉద్యోగమూ వచ్చింది. వచ్చే ఏడు పిల్లలను పెట్టుకోవడానికి ఇంటమ్మలందరం కాలేజీకి ఒక షరతు చెప్పాం. వీధిలో చావుంటే వ్యాను కదలకూడదని. ఇంకా జవాబు రాలేదు. మేమూ ఇంకా గదులు ఇస్తామనలేదు.