రెండు సీసాల్లో ఒకటే క్రిమి

క్షయతో నేను చేసిన యుద్ధాన్ని ఇతిహాసంలా రాస్తానని నలుగురికీ మాటిచ్చాను. తీరా కూర్చుంటే అందులో యుద్ధమే లేదు. నాలుగో నెలలో దగ్గు తగ్గిందని మాత్రలు మానేశాను. ఏడాది తిరిగేసరికి జబ్బు మళ్లీ వచ్చింది, ఈసారి మామూలు మాత్రలకు లొంగనంత మొండిగా.

తర్వాత మా అమ్మమ్మ దగ్గడం మొదలుపెట్టింది. ఎండుచేపల గంపతో ఊళ్లు తిరిగే మనిషి గడప దగ్గరే కూర్చుండిపోయింది. ఇద్దరం పడుకునేది ఒకే గదిలో. నా జబ్బే అంటుకుని ఉంటే, నాలాగే నెలల తరబడి సూదులు. ఆ వయసులో వాటితో చెవులు పోవచ్చట. నా జోకులు వినపడకపోతే ఆమెకు మేలే అన్నాను. ఎవరూ నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరమ్మ మాకు చెరో సీసా ఇచ్చి, పొద్దున్నే ఎవరి కఫం వాళ్లు పట్టి తెమ్మంది. క్రిముల్ని ల్యాబులో పెంచి, జన్యువులు పోల్చి, రెండూ ఒకటేనో కాదో చెబుతారట. పెరగడానికే వారాలు పడుతుందట. నాకంటే బద్ధకపు క్రిమిని నేనే మోస్తున్నానని అప్పుడే తెలిసింది. ఫలితం వచ్చేవరకూ అమ్మమ్మకు మామూలు మాత్రలే.

రెండు నెలలకు కాగితం వచ్చింది.

"అచ్చంగా ఒకటే, ఎక్కడా తేడా లేదు. మామ్మగారికీ సూదులు మొదలుపెడదాం," అంది డాక్టరమ్మ.

నేను నేలచూపులు చూశాను.

అమ్మమ్మ తాపీగా అంది: "ఒకటి కాక ఏటవుతాదమ్మా? రెండూ ఈడివే కదేటి."

"అంటే?"

"నాకు కల్లె పడనేదు. ఈడు ఉమ్ముకునే డబ్బాలో బోలెడున్నాది, అందులోది ఏసినాను. ఒట్టి బుడ్డీ ఎలాగిస్తామమ్మా?"

పక్కింటి గిన్నెను మా ఇళ్లలో ఖాళీగా తిరిగివ్వరు. చేపముక్కో, గుప్పెడు బియ్యమో వేసే ఇస్తారు. ఆసుపత్రికీ అదే మర్యాద జరిగింది.

"నాకు సెప్పకుండా నా కల్లె అట్టుకెల్లిపోయావేటే అమ్మమ్మా?"

"అడిగితే ఇచ్చీవోడివా? పిసినిగొట్టు ఎదవా."

నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మకు రాలేదు.

"అయితే ఈవిడ జబ్బేమిటో మనకింకా తెలీదు. మీదే అయితే, ఇన్నాళ్లూ వేసుకున్న మాత్రలు దండగే."

అమ్మమ్మ దగ్గు అందుకుంది, చాలాసేపు ఆగలేదు. డాక్టరమ్మ కొత్త సీసా ఇచ్చి, దాని మీద అమ్మమ్మ పేరూ వయసూ రాసింది. ఈసారి నర్సు ఎదురుగానే పట్టాలట. కఫం తీసుకునేది పొద్దున్న పదకొండు లోపే, ఆదివారం సెలవు.