సాయమ్మ ఏరి తెచ్చిన ఎనిమిది కుండీలు

సాయమ్మ సంగతి తెలిసినవాళ్లెవరూ ఆమె పనికి వంక పెట్టరు. వెంకట్ కొత్తగా వచ్చినవాడు కాబట్టి పెట్టాడు.

మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం. అందులో నాలుగో అంతస్తు మొత్తం ఒకే కంపెనీది. ఊడవడం, తుడవడం, పాంట్రీ, బాత్రూములు, మొక్కలు, పొద్దుటి షిఫ్టులో అన్నీ సాయమ్మ చేతి మీదుగానే నడిచేవి. యాభై ఎనిమిదేళ్ల మనిషి. తొమ్మిదేళ్లుగా అదే అంతస్తు. కంపెనీవాళ్లు కుర్చీలు మార్చారు, గోడల రంగు మార్చారు, మేనేజర్లను చెప్పులు మార్చినట్టు మార్చారు. సాయమ్మను మాత్రం కదపలేదు.

ఆ సోమవారం లిఫ్టు ముందున్న పామ్ మొక్క కొసల నుంచి మొదలు దాకా పండిపోయి వాలిపోయింది. ఆరు నెలల్లో అది ఆరోది. భవనం పనులన్నీ చూసే వెంకట్ దాని ముందు నిలబడి నడుం మీద చేతులు వేసుకున్నాడు. కాకినాడ వైపు మనిషి, కోపం వచ్చినా ‘అండి’ని వదలడు.

“ఇక నా వల్ల కాదండీ సాయమ్మగారూ. ప్లాస్టిక్ మొక్కలకి చెప్పేస్తున్నాను. నీళ్లు పోయక్కర్లేదు, చూడక్కర్లేదు. మీ చేత్తో మొక్క బతకదని తేలిపోయింది కదండి.”

సూపర్‌వైజర్ మహేందర్ విన్నాడు. రిసెప్షన్‌లో పిల్ల విన్నది. లిఫ్టు కోసం నిలబడ్డ పదిమందీ ఫోన్లలోంచి తలలెత్తి మరీ విన్నారు.

సాయమ్మ చేతిలోని మాపు కర్రను గోడకు ఆనించింది.

“సారు, ఒక్క మాట. గీ మొక్కలను తెచ్చింది ఎవలు?”

“వెండరండి.”

“ఏరింది ఎవలు?”

“అదీ వెండరేనండి.”

“ఎవడో ఏరి, ఎవడో తెచ్చి ఈడ పడేస్తే, చెడ్డపేరు నా చేతికా? ఒక నెల ఇయ్యుండ్రి. మొక్కలు నేనే ఏరుకొచ్చుకుంట. బతకకుంటే మీ ప్లాస్టిక్కే పెట్టుకోండ్రి. రోజూ నేనే తుడుస్త.”

పదిమంది ముందు కాదనలేకపోయాడు వెంకట్. “సరేనండి. ఎనిమిది కుండీలు. పెట్టిన నెలకి ఆరన్నా నిలబడాలి. ఒక్కటి తగ్గినా ప్లాస్టికే.”

పాంట్రీలోకి వెళ్లాక మహేందర్ గొణిగాడు. “పెద్దమ్మా, నీకెందుకే గీ లొల్లి? ప్లాస్టిక్‌వైతే దుమ్ము దులిపితే అయిపోతది. పని తక్కువైతది గద.”

“పని తక్కువ చేయమని నిన్నడిగిన్నా? వాడు చేతినన్నడు పిలగా, చేతిని. గీ చేతులతోనే గీ అంతస్తుకు మాలు మోసిన.”

అబద్ధం కాదు. జనగామ పక్కన నీళ్లు లేని ఊరు ఆమెది. రెండో తరగతి దాకా చదివింది. మూడో తరగతిలో పుస్తకం బదులు బిందె చేతికొచ్చింది. పెళ్లయ్యాక మొగుడితో కలిసి, అప్పటికి రాళ్లగుట్టలే ఉన్న మాదాపూర్‌కి వచ్చి, కడుతున్న భవనాలకు సిమెంటు మాలు మోసింది, గోడలకు నీళ్లు పట్టింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పూటకోసారి తడపాలి. తడపకపోతే గోడ బీటలిస్తుందని మేస్త్రీ పెట్టే కేకలు మూడంతస్తుల దాకా వినబడేవి. అలా తడిపిన భవనాల్లో ఇదొకటి. తాను నిలబెట్టిన గోడల మధ్య తన చేతికి వంక పెడితే ఎవరికి కాలదు?

కిటికీల వరుసలో కూర్చునే రసజ్ఞకు ఈ పందెం సంగతి మధ్యాహ్నానికే తెలిసింది. రాజమండ్రి పిల్ల, ఉద్యోగానికి వచ్చి ఏడాది. ఆమె బల్ల మీద మూడు ఖాళీ కుండీలుంటాయి. ఒకదాంట్లో గులాబీ పోయింది, ఒకదాంట్లో తులసి పోయింది, మూడోదాంట్లో ఏం పోయిందో ఆమెకే గుర్తులేదు. ఫోన్ పట్టుకుని వచ్చింది.

“సాయమ్మగారూ, ఇదిగోండి. కొత్తగా పెంచేవాళ్లకి తేలికైన పది మొక్కలట. చదవనా?”

“ఎవరు రాసిండ్రు?”

“తెలీదండి. నెట్‌లో ఉంది.”

“రాసినోడు మన నాలుగో అంతస్తు చూసిండా? అద్దాలకు నల్ల ఫిలిం అతికిచ్చిండ్రు, ఎండ పొడ రాదు. పొద్దుమాపు ఏసీ గాలి. గీడ కూసోని మనుషులే ఎండిపోతున్నరు. ముందుగాల జాగ చూడాలె బిడ్డా, తర్వాత మొక్క.” అంతలోనే మెత్తబడింది. “సరే చదువు. వింటే పోయేదేముంది?”

రసజ్ఞ చదివింది. నీడలో బతికేవి ఏవో, ఎండ లేనిదే బతకనివి ఏవో సాయమ్మ అడిగి అడిగి చెప్పించుకుంది. పదిలో ఆరు అక్కడే కొట్టుకుపోయాయి. నాలుగు మిగిలాయి.

ఆదివారం రసజ్ఞ స్కూటీ మీద ఇద్దరూ కొండాపూర్ రోడ్డు పక్కనున్న నర్సరీకి వెళ్లారు. నర్సరీ కొమురయ్యది. మనిషిని చూడగానే పూలకుండీ ఎత్తి చూపించే రకం.

“రా అక్కా, గులాబీ సూడు. నిన్ననే కడియం నుంచి దిగింది.”

“కడియమా? మా ఊరి పక్కదే!” అని రసజ్ఞ అప్పుడే చెయ్యి చాచింది. సాయమ్మ ఆ చేతిని పట్టుకుని పక్కకు లాగింది.

“నిన్న దిగినదానికి ఇంకా ఈ ఊరి నీళ్లు తెల్వయి, ఎండ తెల్వదు. తీస్కపోయి ఏసీల పెడ్తే ఏడుస్తది. నువ్వు దాన్ని చూసి ఏడుస్తవు.”

ముందు వరుసల్లో నిగనిగలాడేవాటిని ఆమె చూడనైనా చూడలేదు. నీడకు కట్టిన పచ్చవల కింద నుంచి వంగి వెనక్కి నడిచింది. విరిగిన కుండీల గుట్ట వెనక, దుమ్ము పట్టి, సాలెగూళ్లు అల్లుకుని కొన్ని మొక్కలున్నాయి.

“ఇవి ఎన్ని దినాల నుంచి ఉన్నయి?”

“అవా? పోయిన దసరా నుంచి. ఎవ్వలు కొంటలేరక్కా. నీళ్లు పోసుడు గూడ యాదికుండది.”

“గవే కావాలె.”

కొమురయ్య నోరు తెరిచాడు. సాయమ్మ అప్పటికే కూర్చుని ఒక్కో కుండీని ఏరుతోంది. మొదలు పట్టుకుని మెల్లగా కదిపి చూసింది. ఊగినదాన్ని పక్కన పెట్టింది. ఆకు తిప్పి వెనక జిడ్డు, తెల్లపురుగు ఉన్నాయేమో చూసింది. కుండీ ఎత్తి అడుగు బొక్కలోంచి వేరు కనబడుతోందా అని చూసింది. నిలువు కత్తుల్లా లేచిన స్నేక్ ప్లాంట్లు మూడు, మందపు ఆకుల జీజీ మొక్కలు రెండు, మనీ ప్లాంట్లు రెండు, మచ్చల ఆకుల అగ్లోనిమా ఒకటి. ఎనిమిది.

“గివన్నీ మొండి మొక్కలు గదక్కా. పూలుండయి, ఏముండయి.”

“మొండివే కావాలె. చూసెటోళ్లకు చాతగాదు. కనీసం మొక్కకన్నా బతుకుడు చాతనవాలె గద.”

పిలిచిన ఆటోలోకి కుండీలు ఎక్కిస్తూ కొమురయ్య అన్నాడు. “నీళ్లు జర తక్కువ పొయ్యక్కా.”

“ఎవలికి చెప్తున్నవ్?” అని సాయమ్మ అతణ్ణి ఒక్క చూపు చూసింది. కొమురయ్య మిగతా మాట మింగేశాడు. మింగకుండా ఉంటే బాగుండేది.

మర్నాటి నుంచి నాలుగో అంతస్తులో ఎనిమిది కుండీలు వెలిశాయి. లిఫ్టు దగ్గర మూడు, రిసెప్షన్‌లో రెండు, మీటింగు గదుల ముందు రెండు, రసజ్ఞ బల్ల మీద ఒక మనీ ప్లాంట్. రోజూ పొద్దున దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగించాక సాయమ్మ ఒక్కో కుండీకి మగ్గెడు నీళ్లు పోసేది. ఎప్పుడూ పోసినట్టే, నిండుగా.

“పదిహేను రోజులకోసారి పోస్తే చాలటండి,” అన్నది రసజ్ఞ.

“నువ్వు పదిహేను దినాలకొకసారి తాగుతవా?”



పన్నెండో రోజున ఒక జీజీ మొక్క కాడలు మొదట్లో పసుపుగా మారి ఒరిగాయి. పద్నాలుగో రోజున ఒక స్నేక్ ప్లాంటు ఆకు ఉడకబెట్టిన తోటకూర కాడలా మెత్తబడి చేతికి ఊడి వచ్చింది. రెండు పోయాయి. ఆరు మిగిలాయి. ఇంకొక్కటి పోతే వెంకట్ మాటే నిలబడుతుంది.

సాయమ్మ పాంట్రీలో పాత పేపరు పరిచి ఆ జీజీని కుండీలోంచి పెరికింది. వేళ్లు గోధుమరంగుకు తిరిగి, నలిపితే జారిపోతున్నాయి. మురుగు కాలువ వాసన. ఆరిన అగరుబత్తి పుల్ల ఒకటి తీసుకుని మిగతా కుండీల్లో ఒక్కోదాంట్లో గుచ్చి తీసింది. ప్రతిసారీ పుల్లకు నిండా బురద అంటుకుని వచ్చింది.

బోర్లించిన బకెట్టు మీద కూలబడింది. పుట్టిన ఊళ్లో బిందెడు నీళ్ల కోసం మైలు నడిచింది. కట్టుబడి పనిలో పూటకోసారి గోడ తడిపింది. నీళ్లు తక్కువై చచ్చినవాటినే తప్ప ఎక్కువై చచ్చినదాన్ని ఆమె బతుకంతా చూడలేదు. లిఫ్టు ముందు పోయిన ఆరు పామ్‌లూ కళ్లముందు వరుసగా నిలబడ్డాయి. వాటికీ ఈ చేత్తోనే పోసింది.

అప్పటి నుంచి చుక్క పోయలేదు. నాలుగు రోజులు. నాలుగో రోజున పుల్ల గుచ్చి తీసింది. మళ్లీ బురదే! నిన్నటికన్నా ఎక్కువ బురద.

ఎక్కడి నుంచి వస్తున్నాయి నీళ్లు? చుట్టూ చూస్తుంటే పాంట్రీ తలుపు వెనక అతికించిన కాగితం మీద కన్ను పడింది. రోజూ చేసే పనుల పట్టిక అది. తన గడుల్లో టిక్కులు పెట్టడమే తప్ప మిగతాది ఆమె ఎన్నడూ చదవలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ కిందికి వచ్చింది. తొమ్మిదో వరుస, ‘మొక్కలకు నీళ్లు’. పక్కన ప్రతి తేదీకీ పొద్దుటి షిఫ్టుకు ఒక గడి, మధ్యాహ్నం షిఫ్టుకు ఒకటి, రాత్రి షిఫ్టుకు ఒకటి. అన్ని గడుల్లోనూ టిక్కులే. తాను ఖాళీగా వదిలేసిన నాలుగు గడుల్లో కూడా!

“మహేందరూ, గీ టిక్కులు ఎవలు పెట్టిండ్రు?”

“నేనే పెద్దమ్మా. నువ్వు మర్సిపోతున్నవ్ గద. ఖాళీగుంటే నాకు మెమో ఇస్తరు. నువ్వు పొయ్యలేదని మధ్యాహ్నం షిఫ్టు గంగమ్మకు చెప్పి రెండింతలు పోపిచ్చిన. ఫికర్ చెయ్యకు.”

“ఓరి నీ మొఖం మండ! దినానికి మూడు పూటలు పోస్తున్నరారా? గిది మొక్క అనుకున్నరా, స్లాబ్ అనుకున్నరా?”

“మరి కాయితంల గట్లనే ఉన్నది.”

“గా వరుస కొట్టెయ్యి.”

“నేను కొట్టెయ్యలేనే. పైనుంచి వచ్చింది. వెంకట్ సారును అడుగు.”

అడగడం పెద్ద పని కాదు. అడగాలంటే ముందు ఒప్పుకోవాలి. సాయమ్మ ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. టిఫిన్ క్యారేజీ మూత మీద వేలితో గీస్తూ కూర్చుంది. తర్వాత లేచి, బురద అంటిన మూడు పుల్లలు పట్టుకుని, లిఫ్టు ముందు నిలబడింది. భోజనాల వేళ, జనం బాగా ఉన్నారు. కావాలనే ఆ వేళ చూసుకుంది. ఆ రోజు ఆయన పదిమందిలో అన్నాడు కాబట్టి, ఈ మాటా పదిమందిలోనే చెప్పాలి.

వెంకట్ లిఫ్టులోంచి దిగాడు.

“సారు, ఆ ఆరు మొక్కలు ఎట్ల సచ్చినయో ఎర్కైంది. నేనే సంపిన.”

వెంకట్ ఆగిపోయాడు. “ఏంటండీ?”

“నీళ్లు పోసి పోసి సంపిన. మొన్న తెచ్చినయి రెండు గూడ గట్లనే పోయినయి. నా తప్పు నేను చెప్పిన, ఇగ మీది మీరు ఇనుండ్రి. నేను బందు చేసినా కుండీల బురద ఆరుతలేదు. మీ కాయితం మూడు షిఫ్టులతోని మూడు పూటలు పోపిస్తున్నది. టిక్కు లేకుంటే మెమో అంటే, పాపం వాళ్లు పొయ్యక ఏం చేస్తరు?” అని పుల్లలు ముందుకు చాచింది. “గా వరుస కొట్టెయ్యుండ్రి. పోస్తే ఒక్కరే పొయ్యాలె. గా ఒక్కరు నేను.”

“ఫార్మాట్ హెడ్డాఫీసు నుంచి వచ్చిందండి. నేను మార్చడానికి...”

“హెడ్డాఫీసోళ్లు వచ్చి కుండీల వేలు పెట్టి చూస్తరా?”

వెనక ఎవరో పకపకా నవ్వారు. వెంకట్ ఆ పుల్లలవైపు చూశాడు, వాటిని పట్టుకున్న చేతివైపు చూశాడు. పాంట్రీలోకి నడిచి, జేబులోని పెన్ను తీసి, తొమ్మిదో వరుసను అడ్డంగా కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. అందరికన్నా ముందు మహేందర్ ఊపిరి పీల్చుకున్నాడు.

తర్వాత పన్నెండు రోజులు సాయమ్మ చేసింది చాలా కష్టమైన పని. ఏమీ చేయకుండా ఉండటం. పొద్దునే మగ్గు దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి వచ్చేది. పుల్ల గుచ్చేది, చూసేది, తడి ఉంటే తనను తానే తిట్టుకుంటూ పక్కకు పోయేది. సీసాలో మిగిలిన నీళ్లను కుండీలో గుమ్మరించబోయిన కుర్ర ఉద్యోగి ఒకణ్ణి అక్కడే నిలదీసింది. “నీ కంప్యూటర్‌ల పోస్తవా గట్ల? మరి దీంట్ల ఎందుకు పోస్తున్నవ్?” ఆ మాట సాయంత్రానికి అంతస్తంతా పాకింది. ఆ తర్వాత ఒక్క సీసా కూడా కుండీ మీదికి వంగలేదు.

రసజ్ఞ తన మనీ ప్లాంటును రోజుకు పదిసార్లు చూసేది. రెండు ఆకులు పండి రాలితే ఏడుపు మొహం పెట్టింది.

“పాత ఆకులు బిడ్డా. కింద పోతయి, పైన వస్తయి. గా కొసకు చూడు.”

కొసన చుట్టుకుని ఉన్న లేత ఆకు పుల్ల మొనంత ఉంది.

నెల నిండిన రోజున వెంకట్ వచ్చాడు. కాగితం, పెన్ను పట్టుకుని ఒక్కో కుండీ దగ్గరా ఆగి లెక్కపెట్టాడు. స్నేక్ ప్లాంటును వేలితో తోసి చూశాడు. కదల్లేదు. మిగిలిన జీజీ మొక్క మొదట్లోంచి మట్టిని చీల్చుకుని లేత మొలక ఒకటి లేచి ఉంది. వంగి దాన్ని చూసి లేచాడు.

“ఆరండి. ప్లాస్టిక్ వాళ్లకి వద్దని చెప్పేస్తాను.” కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సిందండి,” అన్నాడు.

“అన్నరు కాబట్టే గద గిన్ని తెలిసినయి,” అన్నది సాయమ్మ. క్షమించానని మాత్రం అనలేదు. అది ఆమె నోట రాదు.

“ఐదో అంతస్తువాళ్లు కూడా అడుగుతున్నారండి. ఇవే రకాలు ఇంకో ఎనిమిది చెప్పేయమంటారా?”

“గట్లెట్ల చెప్తరు సారు? ఆడ కిటికీలు ఎటు దిక్కున్నయో, ఎండ ఎంత సేపుంటదో, ఎవలు ఎంత పోస్తరో చూడకుంట మొక్క పేరు చెప్తే, మళ్లా గదే కథ.”

తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుని, లిఫ్టు మీట నొక్కి, పైకి పోవడానికి నిలబడింది.