గుండీల పిన్ని చూపు

బట్టలు కుట్టే ఆ హాలులో గుండీలు కుట్టే ఆవిడను అందరూ గుండీల పిన్ని అని పిలిచేవారు. వెనకాల మాత్రం మొద్దు అనేవారు. ఆమె కత్తెరను చప్పుడు కాకుండా ఆమె వీపుకే తగిలించి, దానికోసం ఆవిడ బల్లలన్నీ వెతుక్కుంటుంటే పడీపడీ నవ్వేవారు. అందరికంటే గట్టిగా నవ్వేది అక్కడే మిషను తొక్కే సొంత తోడికోడలే.

ఒకసారి ఆసుపత్రిలో పిన్ని తలనొప్పికి ఏదో కొత్త మందు ఇచ్చి చూశారు. దాంతో ఆమె బుర్ర మనిషి బుర్రలా లేకుండా పోయింది. మిషను తొక్కే కాలి తీరు చూసి, తొక్కేవాళ్ళ మనసులో ఏముందో చెప్పేసేది.

"ఏంటక్కా, కుట్టు తడబడింది? బావగారికి తెలియకుండా దాచింది గుర్తొచ్చిందా?" అని తోడికోడలిని అందరి ముందూ అడిగింది. ఆవిడ ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

అంతే, అందరూ మిషన్లు గోడవైపు తిప్పేసుకున్నారు. భోజనాల వేళ పిన్ని బల్ల దరిదాపులకు ఎవరూ రారు. కత్తెర మాత్రం పెట్టినచోటే ఉంటోంది.

మందు ఆపేశాక ఆ తెలివి కాస్తా వదిలిపోయింది. ఇప్పుడు ఎవరి కాలు చూసినా పిన్నికి చెప్పు తప్ప ఏమీ కనబడదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

"చెల్లీ, ఆ మందు మానేశావటగా. ఇంకా తెలుస్తున్నాయా?" అని తోడికోడలే భయంభయంగా అడిగింది.

పిన్ని సూదిలో దారం ఎక్కించుకుని, ఆవిడ పాదాలకేసి తీరిగ్గా చూసింది.

"చెప్పమంటావా అక్కా? అందరినీ పిలువు."

తోడికోడలు కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది.

ఆ పూటా పిన్ని ఒంటరిగానే తింది. కడుపునిండా తింది.