ఎర్రబడ్డ సున్నం

మా ముత్తాత పెద్దమేస్త్రీ. చిత్తూరు పల్లెల్లో వానల్లేక అల్లాడుతున్నవాళ్ళను బండ్లమీద తీసుకొచ్చి కోలారు బంగారు గనుల్లో పనికి పెట్టినవాడు. మా తాత కూర్చుంటే తప్ప కూలీల ఇళ్ళ లైన్లలో పంచాయతీ జరిగేది కాదు. ఏ ఇంట పెళ్ళయినా మొదటి తాంబూలం మా గడపకే వచ్చేది. మా నాన్న కాలానికి గనులు సర్కారువయ్యాయి, మేస్త్రీల పెత్తనం పోయింది. మాటకు విలువ మాత్రం మిగిలిందనుకున్నాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న మా తమ్ముడి కోడలు, చర్చికి వెళ్ళే పిల్ల, పొద్దుపోవడానికని నాకొక నవల ఇచ్చింది. వరసగా ఆడవాళ్ళను చంపుతున్న హంతకుణ్ణి ఒక పాస్టరు వెతికి పట్టుకునే కథ. చివర్లో హంతకుడు ఏడుస్తాడు, పాస్టరు క్షమిస్తాడు, ఊరంతా చేతులు పట్టుకుని ప్రార్థిస్తుంది. పుస్తకం విసిరేయబోయి ఆ పిల్ల మొహం చూసి ఆగాను. హంతకుణ్ణి వెతికే ఊరు ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూశాను.

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, బడిలో పంతులమ్మగా కొత్తగా చేరాను. బంగారం తీసేశాక పారబోసిన రాతిపిండి మా ఊళ్ళో కొండల్లా పేరుకుని ఉంటుంది, సైనైడ్ దిబ్బలంటాం. ఆ ఏడు వానాకాలంలో ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు ఆడవాళ్ళు ఆ దిబ్బల కింద గొంతు నులిమిన శవాలై దొరికారు. కుళాయికి కూడా గుంపుగా తప్ప వెళ్ళేవాళ్ళం కాదు, షిఫ్టు దిగి వచ్చే ప్రతి మగవాడి కాళ్ళకేసి, దిబ్బల తెల్లటి దుమ్ము ఉందేమోనని చూసేవాళ్ళం.

మా ఎదురింట్లో చిన్న ప్రార్థనా మందిరం చూసుకునే ఉపదేశి మామ ఉండేవాడు. మాకు చుట్టం కాదు, అయినా మామే. ఆ ఏడే భార్య పోయింది. మూడో శవం దొరికిన పొద్దున్నే ఆయన కుళాయి దగ్గర చేతులకూ చొక్కాకూ అంటిన తెలుపు కడుక్కుంటూ కనబడ్డాడు. అంతే, లైన్లన్నీ కదిలి వచ్చాయి. ఆయన పరుగెత్తుకొచ్చి మా వసారా ఎక్కాడు.

"దిబ్బ దుమ్ము గాకపోతే ఏందిరా అది, ముగ్గుపిండా?" అని ఎవరో అరిచారు.

"సున్నమప్పా! సమాధుల పండగ గదా, మా ఆడమనిషి సమాధికి కొట్టినాను" అన్నాడు మామ.

మా నాన్న అడ్డం నిలబడ్డాడు. "సమాధులతోట యాడో దూరంలో లేదు. పోయి ముట్టి చూడండి, ఇంగా తడి ఆరిండదు."

ఒక్కడూ కదల్లేదు. మా తాత ముందు చెప్పులు విడిచి నిలబడినవాడి కొడుకు నోరు తెరిచి, "మీ పెత్తనం ఎప్పుడో పోయింది, పక్కకు జరగప్పా!" అన్నాడు.

అప్పుడు మా అమ్మ వంటింట్లోంచి తడి పసుపు తెచ్చి, మామ చొక్కా చేతిమీద రుద్దింది. దిష్టినీళ్ళు కలిపిన ఏ ఆడదానికైనా తెలుసు, సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని. ఎర్రబడింది. ముందు వరసలో ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. వెనకున్న మగవాళ్ళకు మాత్రం చొక్కామీద ఎరుపు ఒక్కటే కనిపించింది. "రక్తం! చొక్కాకు రక్తం!" అంటూ రాళ్ళు రువ్వారు. ముందున్న ఆడవాళ్ళు వెనక్కి తిరిగి ఒక్క మాట, అది సున్నమని ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. చెప్పలేదు. అది తలచుకుంటే ఈనాటికీ నా ఒళ్ళు మండుతుంది.

పోలీసులు నెత్తురోడుతున్న మామను తీసుకెళ్ళారు. ఇప్పుడు నిజంగానే రక్తంతో తడిసిన ఆ చొక్కానే సాక్ష్యమన్నారు. ఆయన జైల్లో ఉండగానే బేతమంగళ చెరువు పక్కన మరో ఆడమనిషిని ఎవరో గొంతు నులిమి చంపారు. పారిపోతూ దొరికినవాడు నాలుగు హత్యలూ ఒప్పుకున్నాడు. అప్పటికి గాని మామను వదల్లేదు. అయ్యో అన్నవాడు లేడు. రాళ్ళేసిన చేతులతోనే షిఫ్టులకు పోయారు, వచ్చారు.

ఊరు విడిచిపోయే రోజు మామ మా ఇంటికి వచ్చి, "అందర్నీ క్షమించేసినానమ్మా" అన్నాడు.

"ఎవరడిగినారు మామా, మిమ్మల్ని?" అన్నాను కోపంగా.

"అడగలేదంటే ఏమమ్మా, నేనే ఇచ్చేసినాను" అని నవ్వాడు.

ఆ నవ్వును నేను ఇంతవరకూ క్షమించలేకపోతున్నాను. హంతకుణ్ణి క్షమించడం గురించి పుస్తకాలు రాస్తారు, ఆ ఊరి గురించి ఎవరూ రాయరు. గనులు మూతపడ్డాయి, ఆ లైన్లలోని పిల్లలు తెల్లారి రైలెక్కి బెంగళూరు పనులకు పోతున్నారు. దారిలో కనబడితే ఇప్పటికీ నన్ను పెద్దమేస్త్రీ ఇంటి అమ్మ అంటారు. వాళ్ళ తాతలు ఏం చేశారో వాళ్ళకు తెలియదు, చెప్పినవాళ్ళూ లేరు.

మామకు లాయర్ని పెట్టడానికి మా నాన్న నంగలి దగ్గరి మా మామిడితోట అమ్మాడనీ వాళ్ళకు తెలియదు.