నీళ్లు చల్లిన గొలుసులు

నాగాయలంకలో వీధి వీధీ తిరిగి చేపలమ్మినదాన్ని. యాభై దాటాక మోకాళ్లు గంప మొయ్యనివ్వలేదు. బందరు పక్కన చిలకలపూడిలో మా అన్నయ్య భార్యకు రోల్డ్‌గోల్డ్ నగల కొట్టు ఉంది. అక్కడ పని అడిగితే, "నెల్లాళ్లు చూద్దాం వదినా. కుదరకపోతే మాత్రం మనసులో పెట్టుకోకు" అంది. కుదరకపోతే నాకు ఇంకో దారి లేదు.

మొదటి వారంలోనే, ఒక మధ్యాహ్నం ఎండ కొట్టు లోపలిదాకా వచ్చింది. ట్రేలో గొలుసులు వేడెక్కుతున్నాయి. ఎండ తగిలితే చేపల మీద చల్లినట్టే, నా చెయ్యి దానంతటదే పక్కనున్న మంచినీళ్ల చెంబులో మునిగి వాటి మీద నీళ్లు చల్లేసింది.

"అవి వాడిపోవు వదినా, తడిస్తేనే నల్లబడతాయి" అంటూ మా వదిన గుడ్డ తెచ్చి గబగబా తుడవసాగింది. ఆవిడ మొహం చూస్తే నా పని అయిపోయినట్టే అనిపించింది.

బేరానికొచ్చిన ఒకావిడ నవ్వింది. "నువ్వు నాగాయలంకలో మా వీధికి చేపలు తెచ్చేదానివి కదూ? మెత్తబడిన చేపని నువ్వే తీసి పక్కన పడేసేదానివి. వీటిల్లో ఏది తీసుకోమంటావు చెప్పు."

"నగల సంగతి నాకింకా తెలీదమ్మా. తడిసినవి మాత్రం తీసుకోకు" అన్నాను.

ఆవిడ పొడిగా ఉన్న గొలుసొకటి కొనుక్కుని వెళ్లింది. మా వదిన తుడవడం ఆపి గుడ్డ నా చేతిలో పెట్టింది.

"మిగతావి నువ్వు తుడువు. రేపట్నుంచి చెంబు మాత్రం నా పక్కనే ఉంటుంది" అంది.