చూరికీ చూరుకీ మధ్య మా మేష్టారు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న పక్కింటి కోడలు పిట్టగోడ దగ్గరకు వచ్చి, "టీచరుగారూ, మావయ్యగారు లేవటం లేదండీ, ఒకసారి వస్తారా?" అంది. నేను వెళ్ళేసరికి మేష్టారు మంచం మీద వెల్లకిలా, చేతులు రెండూ బుద్ధిగా పక్కన పెట్టుకుని పడుకుని ఉన్నారు. ముప్ఫయ్యేళ్ళ ఇరుగుపొరుగులో ఆయన్ను కదలకుండా చూడటం అదే మొదలు. డాక్టరు వచ్చి చెప్పవలసిందేమీ మిగల్లేదని గుమ్మంలోనే అర్థమైంది.

ఆయన విజయనగరంలో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆయన కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఈ వీధిలో లేరు. రాయడం కూడా నడుస్తూనే, అట్ట మీద కాగితం పెట్టుకుని. టీ సగం వరండాలో తాగితే మిగతా సగం వీధి గుమ్మంలో చల్లారిపోయేది. రోడ్డు మీద నడిచేటప్పుడు చూపు ఎప్పుడూ మేడల పైఅంచుల మీదే ఉండేది. అందుచేత పేడ తొక్కకుండా ఆయన ఇల్లు చేరిన రోజు నాకు గుర్తులేదు. "పాదాలు చూసుకు నడిచేవాడికి ఊరు కనపడదండీ" అనేవారు, కుళాయి దగ్గర చెప్పులు కడుక్కుంటూ. "ఊరు కనపడినవాడికి చెప్పులు మిగలవు" అనేదాన్ని నేను.

పెద్దమేడ సంగతి చెప్పకపోతే ఆయన సంగతి చెప్పినట్టు కాదు. తెల్లదొరల కాలంలో ఒక జమీందారు కట్టించిన మేడ అది. ముందు బారుగా స్తంభాల వసారా, దాని నెత్తిన చుట్టూ పూలు తీర్చిన గచ్చు అంచు. కింద ఏ ఆధారమూ లేకుండా ఆ అంచు రెండు మూరలు ముందుకు వచ్చి ఉంటుంది. చూసినవాడెవడైనా మెడ నొప్పి పుట్టేదాకా చూస్తాడు. మేడ పూర్తయ్యే రోజుల్లో తాపీ పెద్దమేస్త్రి ఆ వసారా ముందు గుండెల మీద గాయంతో చచ్చిపడి ఉన్నాడు. అదే పనిలో, అప్పుడు పక్కనే ఉన్న అతని బావ పొడిచి చంపాడని కేసు పెట్టారు. కళ్ళారా చూసిన సాక్షి ఒక్కతే. చచ్చినవాడికి చెల్లెలు, పట్టుబడ్డవాడికి పెళ్ళాం. సముద్రపొడ్డు నుంచి గుల్లసున్నం మోసుకొచ్చి, ఇక్కడే సున్నం తట్టలు మోసే పనిలో కుదిరిన మనిషి. ఆమె చెప్పిన ఒక్క మాట మీద ఆమె మొగుణ్ణి ద్వీపాంతరం పంపేశారు. మళ్ళీ రాలేదు.

మేష్టారు ఎక్కడెక్కడో తిరిగి ఆ కోర్టు కాగితాల నకళ్ళు సంపాదించి పుస్తకం రాశారు. అందులో మేడ ఎంత అందంగా లేస్తుందో, హత్య అంత అందంగా జరుగుతుంది. శ్రీకాకుళం నుంచి కూడా మనుషులు వచ్చి సంతకాలు పెట్టించుకు వెళ్ళారు. పొడిచిన కత్తి, కాగితాల్లో చూరి అన్నది, మాత్రం కేసులో దొరకలేదు. దొరకని చూరిని మేష్టారు పెద్దమేడ నూతిలో పడేశారు, పుస్తకంలోనే లెండి. అన్న మీది ప్రేమతో మొగుణ్ణి పట్టించిన ఆడదని ఆ చెల్లెలి గురించి ఒక అధ్యాయం. సాక్ష్యం చెప్పేటప్పుడు ఆమె కళ్ళు నిప్పులు కురిశాయట. ఆ పుస్తకానికి ప్రూఫులు దిద్దింది నేనే. నిప్పుల దగ్గర పక్కన 'మీరు చూశారా?' అని పెన్సిలుతో రాసి, మర్యాద కాదని చెరిపేశాను. ఆ మర్యాద ఎంత పని చేసిందో తరవాత తెలిసింది.

రెండేళ్ళ కిందటి మాట. నూకాలు అని ఒకామె ప్రతి గురువారం ఎండుచేపల బుట్టతో మా వీధికి వస్తుంది. నేను తినను, మేష్టారు తినేవారు. వాసన మాత్రం రెండిళ్ళకీ సమానంగా పంచేది. ఆ గురువారం బుట్ట నెత్తి మీద నుంచి దించకుండానే ఆయన వరండా ముందు నిలబడింది. నేను ఇటు వైపు బట్టలు ఆరేస్తున్నాను.

"బాబూ, పెద్దమేడ పుస్తకం రాసింది నువ్వేనా?"

"నేనే. చదివావా ఏమిటి?" అన్నారు మేష్టారు మురిసిపోతూ. పుస్తకాలు రాసేవాళ్ళకు ఈ జబ్బు ఒకటి ఉంటుంది.

"నాకు సదువెక్కడిది? మా మనవరాలి బళ్ళో సదివేరట. పిల్ల ఏడుసుకుంటా ఇంటికొచ్చినాది. సూరోళ్ళ పిల్ల, పొడిసినోళ్ళ పిల్ల అనీసి పక్కన ఎవులూ కూకోడం నేదట. ఆ మొగుడూ పెళ్ళాం మావోళ్ళే బాబూ. మా తాతకి అమ్మా బాబూను. మా ఊళ్ళో అందరికీ ఎరికే."

మేష్టారి అడుగులు ఆగిపోయాయి. "నేను కల్పించింది కాదమ్మా. ఆవిడ కోర్టులో చెప్పిన మాటే" అని లోపలికి పరుగెత్తి నకలు తెచ్చి చదివి వినిపించారు. 'చూరి వచ్చి గుండెలయందు దిగిపోయినది.'

నూకాలు బుట్ట దించింది.

"అదేటి బాసో నాకు తెల్దు. ఆ ముసిల్ది సచ్చేదాకా ఏడిసిన ఏడుపు ఒకటే. సూరొచ్చి గుండెల మీద దిగిపోనాది నాయనో అని. ఎవులు పోయినా మాయమ్మా అలాగే ఏడిసీది."

"నేనూ అదే కదమ్మా రాసింది. చూరి అనే కదా?"

"సూరి కాదు బాబూ! సూరు! సూరు!" చెయ్యెత్తి ఆయన వరండా మీది సన్‌షేడు చూపించింది. "ఇంటికుంటాది కాదా? వానొస్తే నీళ్ళు జారతాయి సూడు, అది!"

"చూరు పూరింటికి ఉంటుంది. మేడకు చూరేమిటి?"

"మరి దాన్నేటంతారు?"

మేష్టారు తలెత్తి సన్‌షేడు చూశారు. దాని పేర్లు ఆయనకు మూడు భాషల్లో తెలుసు. సున్నం తట్ట మోసే మనిషికి ఒక్కటే తెలుసు, తన గుడిసెకు ఉన్నది.

"నువ్వు సదువుకున్నోడివి కదా బాబూ" అంది నూకాలు, గొంతు తగ్గించి. "ఆ ముసిల్ది మొగుణ్ణి పట్టించీనేదు. నెత్తి మీద మేడ ఇరిగి పడ్డాదని సెప్పుకున్నాది. అది మార్సీసి రాయి. ఆ పిల్ల బడికెల్తాది."

ఇక్కడ నా భాగం నేను ఒప్పుకోవాలి. ముప్ఫయ్యేళ్ళు పిల్లల చెవులు మెలేసి సంధులు నేర్పినదాన్ని. సూరు అన్నా సూరి అన్నా పక్కన 'ఒచ్చి' చేరాక నోట్లో మిగిలేది 'సూరొచ్చి' ఒక్కటే. పోయింది ఉకారమో ఇకారమో విన్నవాడు ఊహించుకోవలసిందే. సాక్ష్యం రాసుకున్న గుమాస్తా ఏ ప్రాంతంవాడో, ఇక్కడివాళ్ళు 'చ'ను 'స' అంటారన్న ఒక్క ముక్క నేర్చుకుని వచ్చాడు. ఆ తెలివితో సూరును దిద్ది చూరి చేశాడు, 'మీద'ను 'యందు' చేశాడు. మేడకు చూరు ఉంటుందని అతనికి తోచలేదు. మేష్టారికి తోచలేదు. అరసున్నాల దగ్గర యుద్ధాలు చేసిన నాకూ తోచలేదు.

ఆ రోజు నుంచి మేష్టారి నడక మారింది. ఇంతకుముందు తోచక తిరిగేవారు, ఇప్పుడు ఎవరో తరుముతున్నట్టు తిరిగేవారు. అన్నం మధ్యలో లేచిపోయేవారు. ఒక మధ్యాహ్నం పిట్టగోడ మీంచి కాగితం ఊపుతూ పిలిచారు. చావు జరిగిన పొద్దున్న బావా బావమరదుల్లో ఒకరు 'తీయవద్దు, తీయవద్దు' అని కేకలు వేయగా విన్నానని ఒక కూలీ వాంగ్మూలం. పుస్తకంలో మేష్టారు దాన్ని 'చూరి తీయవద్దు' అని మేస్త్రి బతిమాలుకున్నట్టు రాశారు.

"ఊతకర్రలండీ టీచరుగారూ! అంచు కింద ఊతకర్రలు తీయవద్దని! సున్నం ఆరలేదని!"

"అయి ఉండొచ్చు" అన్నాను. "కిందటిసారి చూరి కూడా ఇలాగే మెరిసింది మీకు."

ఆ మాట గట్టిగా తగిలిందని తెలుసు. తగలాలనే అన్నాను. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పెద్దమేడకు వెళ్ళి, కాపలా మనిషిని బతిమాలి నిచ్చెన వేయించారు. డెబ్భై దాటిన మనిషి పైకి ఎక్కుతూ ఉంటే, అదే వయసు మనిషిని కింద నిచ్చెన పట్టుకున్నాను. మమ్మల్ని చూసి కాపలా మనిషి, "పడితే నా ఉజ్జోగం పోతాది బాబూ" అని దణ్ణం పెట్టాడు. మేష్టారు నిచ్చెన జరిపించుకుంటూ అంచు పొడుగునా పూల రేకులు పైకి లెక్కపెట్టుకుంటూ పోయారు. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. ఎడమ మూలకు వచ్చాక గొంతు ఆగింది. ఆ మూల నాలుగు గజాల మేర పువ్వులకు ఆరే రేకులు. గచ్చు రంగు కూడా వేరు. ఎవరో తరవాత, ఇంకో చేత్తో, తొందరగా తిరిగి కట్టిన ముక్క అది.

దిగాక మెట్ల మీద నిలబడి పైకే చూస్తూ ఉండిపోయారు. "ఈ మేడను నలభై ఏళ్ళు చూశానండీ. చూరు చూడలేదు" అన్నారు.

అక్కడితో రాసేయవచ్చు కదా. రాయలేదు. ప్రతి గురువారం నూకాలు అడిగేది, "మార్సీసేవా బాబూ?" అని. "ఇంకొకటి చూడాలమ్మా" అనేవారు. ఒకసారి ఆమెకు విసుగొచ్చి, "నువ్వలా సూసుకుంటా సూసుకుంటా పోనావనుకో, అప్పుడెవులు మారుస్తారు?" అంది. కోడలు కంగారుపడి లోపల్నుంచి వచ్చేసింది. మేష్టారు మాత్రం పగలబడి నవ్వి, ఆ వారం బుట్టెడు చేపలూ కొన్నారు. వాసన నేను భరించాను.

ఇంత జాప్యం ఎందుకని నేనూ దెబ్బలాడాను. అప్పుడు చెప్పారు. "ఒకసారి కాగితం చూసి ఒకణ్ణి హంతకుణ్ణి చేశాను. ఇప్పుడు పువ్వులు చూసి జమీందారును చెయ్యమంటారా? ఆ ఊతకర్రలు ఎవరు తీయమన్నారో నాకు తెలియదు. తెలియనిది ఎంత ఉందో అంత ఖాళీ వదలాలి. ఆ ఖాళీ ఎంతో కొలుస్తున్నాను."

పోయే ముందు ఆదివారం ఒక్క పేజీ తెచ్చి నా చేతిలో పెట్టారు. పేరు 'నేను తప్పు చదివిన మాట'. అందులో నిప్పులు లేవు, నూతిలో చూరి లేదు. ఆమె ఏమన్నదో, గుమాస్తా ఏమి రాశాడో, తాను ఏమి చదివారో, అంతే. చివర ఇలా ఉంది. 'ఆమె మొగుణ్ణి పట్టించలేదు. ఆమె మాటను మేము పట్టించుకోలేదు. మొదట గుమాస్తా, తరువాత నేను.' దిద్దడానికి ఒక కామా తప్ప ఏమీ కనపడలేదు. ఆ కామా కూడా ఉంచేశాను.

మంగళవారం ఆయన పోయారు.

మూడో రోజు కొడుకు మా ఇంటికి వచ్చాడు. మంచివాడు, తండ్రి అంటే ప్రాణం. అందుకే వచ్చిన చిక్కు. "పెద్దకర్మ రోజున నాన్నగారి పుస్తకం వచ్చినవాళ్ళందరికీ ఇద్దామనుకుంటున్నామండీ. పాతదే వేయిద్దాం. ఈ కొత్త పేజీ ఎందుకు చెప్పండి? నేను తప్పు రాశానని ఆయన నోటితో ఆయనే అనడం, అదీ ఇప్పుడు..."

"నువ్వు చదివావా ఆ పేజీ?"

"చదివానండీ. చదివాకే చెబుతున్నాను. జనం నవ్వరూ?"

"నవ్వనీ. పాతది పంచితే ఏమవుతుందో తెలుసా? మీ నాన్నగారి చేత పోయాక కూడా అదే మాట అనిపించినవాడివి అవుతావు. బతికుండగా తెలియక అన్నారు. ఇప్పుడు తెలిసి నువ్వు అనిపిస్తావు. రెండేళ్ళు ఆ మనిషి అన్నం సరిగా తినలేదురా, ఆ ఒక్క పేజీ కోసం."

 వాడు కళ్ళు తుడుచుకుని, "ముందు పెట్టాలాండీ, వెనక పెట్టాలా?" అని అడిగాడు.

"ముందు" అన్నాను. "అట్ట తిప్పగానే."

ఆ వారం రాని నూకాలు పై గురువారం వచ్చింది. సంగతి విని అరుగు మీద కూలబడి కాసేపు ఏడ్చింది. తాతల నాటి ఆ ఏడుపు ఏడవలేదు, మామూలుగానే ఏడ్చింది. ముక్కు చీది, "మార్సేరా?" అంది. నేను చెప్పులేసుకుని, "పద" అన్నాను. ఇద్దరం ఆటోలో ప్రెస్సుకు వెళ్ళాం. డ్రైవరు దారంతా ముక్కు మూసుకునే నడిపాడు.

కొత్త పేజీలు అప్పుడే అచ్చయి బయటికి వస్తున్నాయి. ఒక కాగితం తీసి ఆమె ముందు పట్టుకుని మొత్తం చదివాను. రెండోసారి చదవమంది. చదివాను.

"ఆ మాట ఏదీ? ఎక్కడున్నాది?"

చూపించాను. సూరు.

"ఇదేనా? ఇంత సిన్నదేటి?" అని దాని మీద వేలు పెట్టింది.

"అమ్మా, తడి ఆరలేదు!" అని ప్రెస్సు ఓనరు అరిచేలోగా అక్షరాలు చెదిరిపోయాయి. ఇంకో కాగితం ఇస్తానన్నా వద్దంది. చెరిగినదే మడిచి మనవరాలి కోసం బొడ్లో దోపుకుంది. నేను రుమాలు ఇచ్చాను, వేలు తుడుచుకోమని. తీసుకోలేదు. తిరుగు ఆటోలో ఎడం చేత్తో బుట్ట పట్టుకుని, కుడిచేతి వేలు ఒక్కటీ నిటారుగా బయటికి చాపి కూర్చుంది. ఆటో మలుపు తిరిగినా, గోతిలో పడి లేచినా, ఆ నల్లటి వేలు అలాగే గాలిలో ఆరుతూ వచ్చింది.